మన ఊరి కైఫీయతు



మైలవరము ఆనకట్టమీద ప్రొద్దు వాలువేళ నిలిచి పడమటికి చూచినవారికి, మొదట నీరు, ఆ నీటి కావల ఎఱ్ఱమల కొండల నీలిరేఖ, ఆ రేఖ తెగినట్లు కనుపట్టు చోట పెన్నానది చీల్చికొనివచ్చిన గండి యుండు దిక్కు గోచరించును. కన్నడదేశమున నంది కొండలలో పుట్టి, అనంతపురము సీమ ఎండలలో సగము ఇంకిపోయి, చిత్రావతిని కలుపుకొని, గండికోటకడ కొండను నిలువున కోసికొని వచ్చు ఈ పినాకిని, మైలవరమున మానవుడు కట్టిన కట్టకడ కొంత విశ్రమించి, జమ్మలమడుగును ప్రొద్దుటూరును పలుకరించి తూర్పుసముద్రమునకు సాగిపోవును. ఈ నదికి ఇరుప్రక్కల నున్న సీమ ఒకనాటి రేనాడు. వానలు తక్కువ, రాళ్లు ఎక్కువ అని లోకము తలపోయు ఈ సీమలో, ఆ రాళ్లయందే మన భాషకును, మన మతములకును, మన రాజ్యములకును సంబంధించిన తొలి సాక్ష్యములు నిలిచియున్నవను సంగతి, ఇచ్చట పుట్టి పెరిగిన మనకే సరిగా తెలియదు.

నేను ఈ సాయంకాలము చెప్పదలచినది కోటల వైభవమునుగూర్చి కాదు. కోటను చూడవచ్చువారు ఎందరో కలరు, దానిని పొగడువారును కలరు. పొలముగట్టున సగము పూడిన రాయి, పేరు మాత్రమే మిగిలిన బావి, ముసలివారి నోట నిలిచియున్న ఊరి పుట్టుక కథ, వీనిని పలుకరించువారు లేరు. వీనిగూర్చియే నా మాట.

ఎఱ్ఱగుంట్లకు చేరువను కలమళ్ల యను గ్రామము కలదు. ఆ ఊరి గుడి ఆవరణలో ఒక శిలాశాసనము నిలిచియుండెను. క్రీ.శ. 575 ప్రాంతమున రేనాటి చోళుడైన ఎరికల్ముతురాజు ధనంజయుడు వేయించిన శాసనమది. అంతకు ముందు మన దేశమున రాజులు శాసనములు వేయింపకపోలేదు. కాని వారి మాటలు ప్రాకృతమునందో సంస్కృతమునందో నడచినవి, వానిలో ఊళ్ల పేర్లుగా, మనుష్యుల పేర్లుగా తెలుగు పదములు అక్కడక్కడ తొంగిచూచినవి. తన పాలనలోని జనులు మాటలాడు భాషయందే రాజశాసనమును చెక్కింపవలెనను సంకల్పము, తీరాంధ్రమునందలి మహానగరములలో గాక, ఈ ఎండుసీమలోని ఒక చిన్న రాజునకు కలుగుటను నేను తలచినప్పుడెల్ల నా యొడలు పులకరించును. మనకు లభించినంతలో, ఆద్యంతము తెలుగున వ్రాయబడిన తొలి శాసనముగా పండితులు దీనినే పరిగణించుచున్నారు. నీలకంఠశాస్త్రిగారును వెంకటరామయ్యగారును కలిసి దీనిని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటమున ప్రకటించిరి. 2008లో తెలుగునకు ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించినది. మన భాష ప్రాచీనతను నిరూపింపబూనిన వారెల్లరు మున్ముందుగా వ్రేలు చూపునది ఈ రాతివంకనే. అయినను కలమళ్ల ఎచ్చట నున్నదని మన పట్టణములలోని కళాశాల విద్యార్థులను పదిమందిని అడిగిచూడుడు, చెప్పగలవా రెందరుందురో!

రాతిమీది అక్షరమును చదువుట యనగా నేమో, ఒకసారి కన్నులార చూచు భాగ్యము నాకు కలిగినది. ఈ సీమలోనే ఒక పల్లె. ఊరిబయట చింతచెట్టుక్రింద నిలువెత్తు రాయి యొకటి. నా మిత్రు డొకడు, శాసనములయందు శ్రద్ధగలవాడు, నన్ను వెంటబెట్టుకొని పోయెను. ఏండ్లతరబడి పూసిన సున్నము, పసుపు, కుంకుమ, నూనె కలిసి ఆ రాతిమీద వ్రేలి మందమున పొరగట్టి యుండెను. రాతి నడుమకు పలుపుత్రాటితో ఒక యెనుము కట్టబడి యుండెను. మావాడు మొదట ఊరివారి అనుమతి గైకొని, మెత్తని కుంచెతోను నీటితోను గంటకు పైగా ఆ పొరను కరగించెను. ఇనుప పనిముట్టు ముట్టనేలేదు. పిమ్మట తడిపిన కాగితమును రాతికి అద్ది, గట్టి వెండ్రుకల బ్రష్షుతో మెల్లమెల్లగ కొట్టగా, కాగితము అక్షరముల గుంటలలోనికి దిగెను. అది ఇంచుక ఆరిన పిదప, గుడ్డమూటను సిరాయందు ముంచి పైపైన అద్దినాడు. మిట్ట నల్లనయ్యెను, గుంట తెల్లగ నిలిచెను. అంతవరకు గరుకు బండగా నుండినది, చూచుచుండగనే మాటలాడసాగెను. పసుల మందలను పరులు తోలుకొనిపోవుచుండగా అడ్డుపడి ప్రాణము విడిచిన ఒక వీరుని పేరు, అతనికై ఇచ్చిన మాన్యపు నేల కొలత అందు కలవు.

చుట్టు మూగిన వారిలో ఒక వృద్ధుడు ముందుకు వంగి, “సామీ, ఇందులో మావోళ్ల పేరేమన్నా ఉండాదా?” అని అడిగెను. మా మిత్రుడు చదివి చెప్పగా విని, ఆ పెద్దాయన కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట మనుమని కేకవేసి, రాతికి కట్టిన యెనుమును విప్పించి వేరొక గుంజకు కట్టించెను. ఏ చట్టమును ఎవరును చదివి వినిపింపలేదు, ఏ బోర్డును నాటలేదు. ఆ రాయి తనవారిదని తెలిసినంతనే ఆయన చేసిన పని అది.

వారసత్వ రక్షణ మనగా నాకు అప్పటినుండి మొదట గుర్తువచ్చునది ఆ విప్పిన పలుపుత్రాడే.

ఊరి జ్ఞాపకములను కాపాడు ఈ పనిని మన సీమలో రెండువందల యేండ్ల క్రిందటనే మిక్కిలి పెద్దయెత్తున ఆరంభించిన వాడొకడు కలడు. 1800లో నిజాము ఈ దత్తమండలములను కుంపిణీవారికి విడిచిపెట్టిన పిదప, నేలను కొలుచుటకై వచ్చిన కాలిన్ మెకంజీ, స్కాట్లండు దేశమునకు వాయవ్యమున నున్న లూయిస్ ద్వీపమున పుట్టిన సైనికాధికారి. నేలతో తృప్తినందక, ఆ నేలమీది జనుల జ్ఞాపకములనుగూడ కొలువవలెనని ఆయనకు తోచినది. ఏలూరు వాస్తవ్యులైన కావలి సోదరులు, బొఱ్ఱయ్యయు లక్ష్మయ్యయు, ఆయనకు కుడిభుజములై నిలిచిరి. వారును వారు తరిఫీదుచేసిన మనుష్యులును ఊరూరు తిరిగి, కరణముల దండకవిలెలు విప్పించి, గుడి పూజారులను, మసీదు ముల్లాలను, పాలెగాండ్ర వంశమువారిని అడిగి వ్రాయించుకొన్నవే కైఫీయతులు. ఊరు ఎట్లు పుట్టినది, ఆ పేరెందుకు వచ్చినది, చెరువును ఎవరు త్రవ్వించిరి, ఏ దొర ఏ మాన్యమిచ్చెను, ఏ దొర దానిని ఊడదీసికొనెను, ఎల్లలు ఎచ్చటెచ్చట, ఏ దండు ఏ యేట వచ్చి ఊరిని కాల్చెను, ఇట్టివన్నియు అందు కలవు. కొన్ని కథలు నమ్మదగినవి కావు. కొన్ని తారీఖులు ఒకదానితో నొకటి పొసగవు. కాని అవి లేకున్నచో మన పల్లెలలో పెక్కింటికి పుట్టుపూర్వోత్తరములే యుండవు. మెకంజీ 1821లో మరణించినాడు. అతని సేకరణములో తెలుగు ప్రతులు జీర్ణించిపోకుండ తిరిగి వ్రాయించి రక్షించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆ బ్రౌను 1820లో కడపకు వచ్చి ఇచ్చటనే తెలుగు సాహిత్యమున మునిగినవాడు. కడపలో ఆయన నివసించిన బంగళా కూలి మొండిగోడలై యుండగా, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఇంటింటికి తిరిగి విరాళములు పోగుచేసి అచ్చటనే గ్రంథాలయమును లేపిరి. ఆ బ్రౌను కేంద్రమే నేడు కడపజిల్లా కైఫీయతులను సంపుటములుగా అచ్చువేసి మన చేతికందించినది. ఒక శిథిలము ఒక గ్రంథాలయమైనది, ఆ గ్రంథాలయమునుండి మన పల్లెల చరిత్ర పల్లెలకు తిరిగివచ్చినది.

తిరిగివచ్చినవి ఇవి. పోయినవి పెక్కు. జమ్మలమడుగు దాపున పెన్నయొడ్డున దానవులపాడు కలదు. ఆ ఇసుకదిబ్బల క్రింద జైనదేవాలయములు పూడియుండగా, 20వ శతాబ్దపు తొలియేండ్లలో అలెగ్జాండర్ రీ యను పురావస్తు శాఖాధికారి త్రవ్వి వెలికి తీసెను. ఇటుకతో కట్టిన చైత్యాలయము, పార్శ్వనాథుని విగ్రహము, రాష్ట్రకూట చక్రవర్తి నిత్యవర్షుడు, అనగా మూడవ ఇంద్రుడు, శాంతినాథుని అభిషేకమునకై సమర్పించిన పీఠము అందు బయల్పడినవి. శ్రీవిజయుడను దండనాయకుడు, యుద్ధములలో తల పండిన వీరుడు, లోకమును విడిచి సల్లేఖన వ్రతమున దేహమును వదలిన వృత్తాంతముగల స్తంభమును ఇచ్చటిదే. ఆ స్తంభము మదరాసు మ్యూజియమునకు చేరినది. జమ్మలమడుగు ప్రాంతమునందే పెద్దముడియము కలదు. వేంగి చాళుక్యులు తమ వంశకర్త పుట్టినచోటుగా చెప్పికొన్న ముడివేము అగ్రహార మిదియే యని పండితుల యభిప్రాయము. గర్భవతియైన రాణి ఆశ్రయము కోరిరాగా విష్ణుభట్ట సోమయాజి బిడ్డవలె కాపాడెనని ఆ వంశమువారి శాసనములు చెప్పుచున్నవి. ఆ ఊరి నేలలో దొరకిన ప్రాచీన దేవతా ఫలకము, అందలి నరసింహ రూపము మన దేశమున మిక్కిలి పాతవానిలో నొకటి, అదియును మదరాసునకే పోయినది.

ఇవి తరలిపోకుండినచో మిగిలియుండెడివా యని అడిగినచో, బహుశః మిగిలెడివి కావనియే నేను ఒప్పుకొందును. ఆనాడు తరలించినవారు మేలే చేసిరి. కాని రాయి తన మట్టిని విడిచి పోయినప్పుడు సగము మాటలే దానివెంట పోవును, తక్కిన సగము ఊరియందే నిలిచిపోవును. మదరాసున స్తంభమును చూచువానికి పెన్నయొడ్డు కనబడదు. దానవులపాటి ఇసుకలో నడచువానికి స్తంభము కనబడదు. ఈ రెంటిని కలుపు ఒక చిత్రపటమైనను, ఒక నమూనాయైనను, ఆ శాసనమునకు సుబోధమైన తెలుగు వ్రాతయైనను ఆ ఊరి బడిగోడమీద నుండవలెను గదా! మైలవరము ఆనకట్ట చెంతనే పురావస్తు శాఖవారు చుట్టుప్రక్కల ఊళ్లలోని శిల్పములను సేకరించి ఒక మ్యూజియమును నెలకొల్పిరి. దూరపు నగరమునకు గాక, పుట్టినచోటికి పిలుపుదూరమున నుంచుటవలన ఇది మిక్కిలి మంచిపని. కట్టను చూడవచ్చిన పిల్లలను, తిరుగుదారిలో ఒక అరగంట అందులోనికి నడిపింపుడని ఉపాధ్యాయులకు మనవి చేయుచున్నాను.

సుదూరమున ఫ్రాన్సు దేశమున సేంట్ ఎమిలియన్ అను చిన్న పట్టణము కలదు. అది ద్రాక్షతోటల సీమ. ఆ ఊరి మధువునకు లోకమంతట పేరు. ఆ ఊరికిని మన సీమకును ఒక చుట్టరికము నాకు తోచుచున్నది. మనది నాపరాతి నేల, వారిదియు సున్నపురాతి నేలయే. తమ కాళ్లక్రింది రాతినే తవ్వి ఇండ్లు కట్టుకొన్నారు, ఒకే కొండరాతిని తొలిచి నేలక్రింద ఒక పెద్ద ప్రార్థనా మందిరమును మలచుకొన్నారు. 1999లో యునెస్కోవారు ఆ సీమను ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చినప్పుడు గుడిని మాత్రమే చేర్చలేదు, ఊరిని మాత్రమే చేర్చలేదు. ఆ ఊరితో కలిపి ఎనిమిది గ్రామముల తోటలను, గట్లను, దారులను, అన్నిటిని కలిపి చేర్చిరి. పొలమును వారసత్వమే, దున్నువాని చేతిపనియు వారసత్వమే యని అంగీకరించిరి.

మనకును అట్టి చూపు కావలెను. పెద్దముడియము నల్లరేగడిలోని బుడ్డశనగ చేలు, పులివెందులచుట్టు చీనీతోటలు, అరటితోటలు, నాపబండలు పేర్చి కట్టిన గోడలు, బండలు పరచిన పల్లె మిద్దెలు, ఇవి గండికోటకన్న తక్కువవి కావు. పులివెందుల యను పేరు పులుల మందలనుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ప్రొద్దుటూరును సంస్కృతీకరించి బ్రధ్నపురి యన్నారు, బ్రధ్నుడనగా ప్రొద్దే. ఆ పేళ్ల వెనుకనున్న కథలు నిజమో కాదో తేల్చుట పండితుల పని. కథను పోనీయకుండ పట్టియుంచుట మన పని.

ఇక గండికోట. 1123లో కాకరాజు కట్టించెనని కైఫీయతు చెప్పుచున్న ఈ దుర్గము, పెమ్మసానివారి చేతులలో పెంపొంది, 17వ శతాబ్ది నడుమ గోల్కొండ సేనానియైన మీర్ జుమ్లా వశమైనది. 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఇచ్చటికి వచ్చి మీర్ జుమ్లాను కలిసికొని తన యాత్రాగ్రంథమున ఈ కోట దుర్గమత్వమును వర్ణించెను. కోటలో మాధవరాయని గుడి కలదు, అందు మాధవరాయడు లేడు. దానికి చేరువలోనే జుమ్మా మసీదు, ధాన్యపు కొట్టు, కత్తుల కోనేరు. ఆ గోడలలోపల నేటికిని ఒక ఊరు బ్రతుకుచున్నది, అందు పిల్లలు ఆడుకొనుచున్నారు. 2024లో కేంద్రప్రభుత్వము గండికోట పర్యాటకాభివృద్ధికై దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. సంతోషమే. అయితే వచ్చువారి సుఖమునకై చేయు పని వేరు, ఉన్నదానిని ఉన్నట్లు నిలుపు పని వేరు. మొదటిది రెండవదానిని మ్రింగకుండ కాచుకొనవలసినవారు అధికారులు మాత్రమే కారు. చుట్టు ఊళ్లవారమైన మనమును ఒక కంట కనిపెట్టి యుండవలెను.

గండికోట కడనే మరియొక సంగతి చెప్పక తప్పదు. అచ్చట పెన్నకు అడ్డముగా కట్టిన జలాశయము దాదాపు 27 టీఎంసీల నీటిని పట్టును. కృష్ణాజలములు కొండలు దాటివచ్చి మన కరవు నేలను తడుపుట మూడుతరముల కల. ఆ నీటిని నేను కాదనను, కాదనువారు ఈ సీమలో నెవరును లేరు. కాని ఆ నీరు నిలుచుటకై తాళ్లప్రొద్దుటూరు మొదలగు ఊళ్లు తమ యిండ్లు వాకిండ్లు వదలి లేచిపోయినవి. ఊరు లేచిపోవుట యనగా ఇండ్లు మాత్రమే లేచిపోవుట కాదు. పీర్లు లేచిన చావిడి, పెండ్లి ఊరేగింపు మలుపు తిరిగిన వీధి, పేర్లుగల పొలములు, పేర్లుగల బావులు నీట మునిగినవి. పరిహారపు పట్టీలో బావికి వెల కట్టుదురు. బావి పేరునకు వెల కట్టు గడి అందు లేదు. ఆ పేళ్లు నేడు ఎఱిగినవారు పునరావాస కాలనీలలో కలరు. వారిలో పెద్దవారు ఏటికొకరుగా తగ్గిపోవుచున్నారు. వారి నోటిమాటను వ్రాసికొనుటకు మనకున్న గడువు మిక్కిలి కొంచెము.

మరియొక ఉపద్రవము, గుప్తనిధుల వేట. ఎవడో చెప్పిన మాట నమ్మి, రాత్రివేళ పారలు గడ్డపారలు తెచ్చి పాడుపడిన గుళ్లలో పీఠములను పెల్లగించి, నందుల కడుపులు పగులగొట్టుచున్నారు. 1878 నాటి చట్టము ప్రకారము, భూమిలో దొరకిన నిధి పది రూపాయల విలువ మించినచో దానిని కలెక్టరునకు తెలుపుట విధి. చట్టము మాట అటుంచుడు. ఆ పగిలిన నంది వేయియేండ్లు ఆ ఊరిని చూచినది. దానికి మించిన నిధి దాని క్రింద ఏమున్నదని త్రవ్వుట? ఇట్టి పని మీ ఊర జరుగుచున్నట్లు తెలిసినచో మౌనము వహింపకుడు. అట్లే గుడి బాగుచేయుచున్నామను మంచి తలంపుతో శాసనములపై రంగులు పూయుట, అక్షరములున్న బండను మెట్టుగా పరచుట, ఇసుక యంత్రముతో శిల్పములను గీకించుట, ఇవియును నాశనమే. భక్తితో చేసినంత మాత్రమున రాయి ఓర్చుకొనదు.

మరి ఏమి చేయవలెనందురా? మెకంజీ పంపిన మనుష్యులు ఇక మన ఊరికి రారు. మన ఊరి కైఫీయతు మనమే వ్రాసికొనవలెను. దానికి పాండిత్యముతో పనిలేదు. ఊరిలోని డెబ్బదియేండ్లు దాటినవారివద్ద కూర్చుండి, పొలముల పేర్లు, బావుల పేర్లు, చెరువు తూముల పేర్లు, ఊరిదేవర ఎప్పుడు జరిగెడిది, గొబ్బిపాటలు ఎవరు పాడెడివారు, కరవున ఏమి తిని బ్రతికిరి, ఏ రాతిని ఎందుకు మ్రొక్కుదురు అని అడిగి, వారు పలికిన మాటలలోనే వ్రాయుడు. మీ మాటలోనికి మార్చకుడు. చెప్పినవారి పేరును, తారీఖును క్రింద వేయుడు. ఊరిలో అక్షరములున్న రాయి ఏదైన నున్నచో, దానిని గీకక, రంగు పూయక, సాయంకాలపు ఏటవాలు వెలుతురులో సెల్‌ఫోనుతో నాలుగు బొమ్మలు తీయుడు. ఏటవాలు వెలుగున అక్షరములు లేచి కనబడును. అది ఎచ్చట ఏ దిక్కునకు నిలిచియున్నదో వ్రాసియుంచుడు. ఒక పాఠశాలలోని తొమ్మిదవ తరగతి పిల్లలు ఒక వేసవి సెలవులలో చేయగల పని ఇది.

వ్రాసినదానికి రెండు ప్రతులు తీయుడు. ఒకటి మీ ఊరి బడిలో నుంచుడు, ఒకటి కడపలోని బ్రౌను గ్రంథాలయమునకు అందజేయుడు. ఈ ప్రసంగము ముగిసిన వెంటనే, మీ యింటిలోని అవ్వవద్దకో తాతవద్దకో పోయి, మన పొలమునకు ఆ పేరెందుకు వచ్చినదని అడుగుడు. సెలవు.